పెడలు అవతలి కాలు

మొన్న మంగళవారం మధ్యాహ్నం రెండు దాటాక, పుదుచ్చేరి మేట్టుపాళయం పారిశ్రామికవాడ వెనక రోడ్డు మీద, మా పక్కింటి మేస్త్రి మామ చనిపోయాడు. బ్రేకు నమ్మకూడదని ఆయన పక్కన నిలిపి పెట్టిన డీజిల్ కారును, ఇంజను కాగి ఉండగానే రోడ్డెక్కేటట్టు చేసింది ఆ కారు యజమాని. మా పేటలో ట్రావెల్స్ నడుపుతాడు, అందరం ముదలాళి, అంటే షావుకారు, అని పిలుస్తాం. అంతటితో ఊరుకోలేదు. మరునాడు పొద్దున్నే స్టేషనుకు పోయి, మేస్త్రి రిపేరు సరిగా చేయనందువల్లే బ్రేకు పోయిందని రాసి సంతకం పెట్టి వచ్చాడు. జవాబు చెప్పలేని మనిషి మీద వేసిన నింద ఇది. పాఠకులారా, నేను కోపంతోనే రాస్తున్నాను. కానీ ఇది మామ కోసం రాస్తున్న కాగితం కాబట్టి, ఆయన పక్కన కూచున్నప్పుడు ఎంత నిదానంగా ఉండగలిగేవాడినో అంత నిదానంగా చెప్పడానికి ప్రయత్నిస్తాను.

నాకు వార్త చెప్పింది ఆ కారు డ్రైవరు. అప్పుడు కారు నడుపుతున్నది మామ, అతను వెనక మోటారుసైకిలు మీద ఉన్నాడు. నేను పని చేసే గోదాము ఆ రోడ్డుకు రెండు వీధుల అవతలే ఉంది. మేస్త్రి కాలవలో పడ్డాడు, పరిగెత్తుకుని రా అన్నాడు ఫోన్లో. నేను చేరేసరికి మామను ఆసుపత్రికి తీసుకుపోయారు. తోవలోనే ప్రాణం పోయిందని తర్వాత తెలిసింది. కారు మాత్రం అక్కడే ఉంది. ఎడమ పక్క చక్రాలు రోడ్డు పక్క కాలవలోకి దిగి, ఒక లైటు పగిలి, మడ్గార్డు నలిగి, వాలిపోయి నిలబడి ఉంది. డ్రైవరు వైపు తలుపు తెరిచే ఉంది. లోపల ఎవరూ లేరు. ఇంజను తిరుగుతూనే ఉంది.

ముప్పై నలభై మంది చుట్టూ నిలబడి ఉన్నారు. అందరూ పది అడుగుల దూరంలో ఆగిపోయారు. ఒక్కరికీ చెయ్యి పెట్టి తాళం తిప్పే ధైర్యం లేదు. ఎండ నెత్తి మీద మండుతోంది, ఫ్యాక్టరీ గేట్ల దగ్గర కుక్క కూడా మొరగడం లేదు, ఆ ఖాళీ కారు ఒక్కటే తన పాటికి తాను గడగడమంటోంది. నేను పోయి తాళం తిప్పాను. ఆగాక వచ్చిన నిశ్శబ్దం ఆ చప్పుడు కంటే పాడుగా ఉంది.

మామకూ నాకూ రక్తసంబంధం ఏమీ లేదు. మా ఇంటికీ ఆయన ఇంటికీ మధ్య ఒకటే గోడ. మూడు తరాలుగా పుదుచ్చేరిలో ఉన్న తెలుగు ఇళ్ళు మావి. మాట్లాడతాం గానీ తెలుగు చదవగలిగినవాళ్ళు మా వీధిలో వేళ్ళ మీద లెక్కపెట్టేంత మంది. నేను కరపత్రాలు పట్టుకుని అక్షరాలు నేర్చుకున్నాను. మామకు తెలుగు అక్షరం రాదు, తమిళం చదువుతాడు. అందుకని ఆదివారాలు నన్ను వర్క్‌షాపులో కూచోబెట్టుకుని ఆ కరపత్రాలు చదివించుకునేవాడు. కూలి గురించి, మూఢనమ్మకాల గురించి, మనిషి ఎట్లా బతకాలో దాని గురించి నేను గొంతు పెంచి చదువుతుంటే, ఆయన తల చక్రం లోపల పెట్టి బ్రేకు షూలు గీకుతూ వినేవాడు. చివర ఎప్పుడూ ఒకటే ప్రశ్న.

"దీన్ని రాసినాయన ఎప్పుడన్నా తప్పు చేసినాడంటనా? దాన్ని గురించి రాసినాడా?"

లేదనేవాణ్ణి. సరేలే, ఇంకోటి చదువు అనేవాడు. నాకు చిర్రెత్తుకొచ్చేది.

ఆయన పని బ్రేకులు. ఇంజను పని వస్తే పక్క షాపుకు పంపేవాడు. పిళ్ళైచావడి నుంచి చేపలు తెచ్చే వ్యాన్లు, ఉప్పు గాలికి కింద అంతా తుప్పు పట్టినవి, ఆయన దగ్గరికే వచ్చేవి. బాహూరు నుంచి వరి బస్తాలు మోసే ట్రాలీలు వచ్చేవి. ఏ బండి వచ్చినా మొదట స్పానర్ పట్టుకునేవాడు కాదు. కుడి కాలి చెప్పు బయట విడిచి, ఎక్కి కూచుని, కళ్ళు మూసుకుని పెడలు మీద వట్టి పాదం పెట్టేవాడు. కొత్తగా వచ్చినవాళ్ళు అది భక్తి అనుకుని తామూ చెప్పులు విడిచేవాళ్ళు.

"చెప్పు ఏసుకుంటే కాలికి చెవుడొస్తాది" అని నాతో అన్నాడు. అంతే సంగతి.

ఒక రోజు ఒక కారు చూపించాడు. ముందు రోజు సాయంత్రం నుంచి అది అట్లాగే నిలబడి ఉంది, ఎవరూ ముట్టుకోలేదు. నన్ను ఎక్కించి, ఇంజను వేయకుండా పెడలు తొక్కమన్నాడు. తొక్కాను. మెత్తగా దిగింది. దిగుతుంటే ముందు భాగం లోపల ఎక్కడో, మనిషి నిట్టూర్చినట్టు ఒక చప్పుడు వచ్చింది. మళ్ళీ తొక్కమన్నాడు. చప్పుడు తగ్గింది. మూడోసారి పెడలు రాయి అయిపోయింది.

"నిన్నటి ఊపిరి రా అది. దాచిపెట్టుకోనుండాది, నువ్వు తొక్కితే వదిలేసింది" అన్నాడు నవ్వుతూ.

తర్వాత వివరంగా చెప్పాడు. ఆ ఊపిరి సంగతి తెలిస్తేనే ఈ కథ అర్థమవుతుంది కాబట్టి నేనూ చెప్తాను. మన కాలి బలం ఒక్కటే కారును ఆపడానికి చాలదు. పెడలు వెనక గుండ్రటి పెద్ద డబ్బా ఒకటి ఉంటుంది. దాని లోపలి గాలిని లాగేస్తే, ఆ లాగుడు మన కాలికి తోడు వస్తుంది. పెట్రోలు ఇంజను తనే ఆ గాలిని లాగేస్తుంది. డీజిలు ఇంజనుకు ఆ లాగుడు లేదు. అందుకని పాత డీజిల్ కార్లలో డైనమో వెనక ఒక చిన్న పంపు పెట్టి, దాని నుంచి బొటనవేలంత రబ్బరు గొట్టం ఒకటి ఆ డబ్బాకు తగిలిస్తారు. పంపు బాగున్నా గొట్టం మూసుకుంటే తోడు రాదు. బ్రేకు ఉంటుంది, కాలు పెడితే ఆనుతుంది కూడా, కానీ సీటులోంచి లేచి నిలబడి తొక్కితే తప్ప కారు ఆగదు.

ఇప్పుడు ముదలాళి కారు సంగతి. పాత డీజిలు, దానికి ఒక మనిషంత వయసొచ్చింది. రెండు మూడు చేతులు మారి ఈయన దగ్గరికి వచ్చింది. మొదటిసారి బ్రేకు పోయింది బాహూరు చెరువు కట్ట మీద. పెళ్ళివాళ్ళను దింపి ఖాళీగా వస్తుంటే ఎదురుగా ఎడ్లబండి. డ్రైవరు తొక్కాడు, ఆగలేదు, కట్ట వాలులోకి దింపి ఆపుకున్నాడు. భయపడి కాసేపు అక్కడే కూచుని, మళ్ళీ ఎక్కి తొక్కి చూస్తే బ్రేకు నిక్షేపంగా ఉంది. అట్లాగే మామ దగ్గరికి తెచ్చాడు. ఇక్కడ ఎన్నిసార్లు తొక్కినా బంగారంలా పట్టింది. పది రోజులకు మళ్ళీ పోయింది, అరగంటలో మళ్ళీ వచ్చింది. ఇట్లా ఆరుసార్లు.

మామ డ్రైవరును అడిగిన మొదటి ప్రశ్న నాకు గుర్తుంది. పెడలు గట్టిగా నిలిచిందా, మెత్తగా దిగిపోయిందా, అదొక్కటి చెప్పు అన్నాడు. మెత్తగా దిగితే నూనె కారే చోటు వెతకాలి, గట్టిగా నిలిస్తే గాలి లాగే చోటు వెతకాలి. డ్రైవరు తమిళంలో చెప్పిన జవాబుకు ఇది నా తెలుగు:

"గట్టిగానే మేస్త్రీ. అవతల ఎవరో కూచుని కాలు ఆనించినట్టు. నేను ఎంత తోస్తే వాడూ అంత తోస్తాడు."

ఆ మాట పేటంతా తిరిగింది. వెనకటి యజమాని ఆ సీట్లోనే పోయాడని ఒకరు, కట్ట దగ్గర ఎవరో ఎక్కారని ఇంకొకరు. పక్క స్టాండులో డ్రైవర్లు ఆ కారు తాళం చేత్తో పుచ్చుకోవడం మానేశారు. ఈ డ్రైవరు ఒక్కడే నడిపేవాడు. ముదలాళి ఎవరో స్వామిని అడిగి వచ్చి, బానెట్టు ఎత్తి, నల్లదారంలో నిమ్మకాయ గుచ్చి లోపల చేతికి అందిన గొట్టానికి, కారు కొన్న రోజు కట్టిన దిష్టిదారం మీదనే, ఇంకా బిగించి కట్టాడు. తర్వాత ప్రతి అమావాస్యకూ పాతదాని మీదనే కొత్తది. ఎండి గోళీల్లా అయిన నిమ్మకాయలు అక్కడ వేలాడుతుండేవి.

మా ఊళ్ళో మెకానిక్కులు పాటించే పద్ధతి ఒకటి ఉంది, తెలియనివాళ్ళ కోసం చెప్తున్నాను. ఎవరి బండికి కట్టిన దిష్టిదారం అయినా వాళ్ళే విప్పాలి. మెకానిక్కు దాని పక్కన చెయ్యి పెట్టి పని చేసుకుంటాడు గానీ దాన్ని కదిలించడు. భయమో మర్యాదో విడదీసి చెప్పలేను, రెండూ కలిసే ఉంటాయి. మామ ఆ పద్ధతి ఎన్నడూ తప్పలేదు. ఆ కారులో పంపు విప్పి లోపలి రెక్కలు మార్చాడు. గాలి వెనక్కి రాకుండా ఆపే చిన్న మూత మార్చాడు. గుండ్రటి డబ్బా కూడా మార్చాడు. గొట్టం కొన ఊడదీసి బొటనవేలు అడ్డం పెట్టి చూశాడు, బాగానే లాగింది. ఇంజను అప్పుడే వేశారు, చల్లగా ఉంది. అయినా ఎందుకైనా మంచిది, రబ్బరు పాతదైంది, మార్చేస్తాను, నీ దారం విప్పుకో అని ముదలాళిని అడిగాడు. నేను పక్కనే ఉన్నాను.

"స్వామి పేరు చెప్పి కట్టింది మేస్త్రీ. వచ్చే అమావాస్య దాకా దాని మీద చెయ్యి పడగూడదు. మిగిలిందంతా నీ ఇష్టం" అన్నాడు ముదలాళి.

మామ గొట్టం కొన మళ్ళీ తగిలించి బానెట్టు దించాడు.

ఒక శనివారం మిట్టమధ్యాహ్నం మామ నన్ను పక్కన కూచోబెట్టుకుని ఆ కారు బయటికి తీశాడు. చెడినప్పుడు ఎవరైనా చూస్తారు, బాగున్నప్పుడు ఎందుకు బాగుందో చూడాలి అన్నది ఆయన ఎప్పుడూ చెప్పే మాట. కిటికీలు మూసి, మాట్లాడకుండా, బాహూరు వైపు గంటసేపు తిరిగాం. పొలాల మధ్య రోడ్డు ఖాళీగా ఉంది, ఎండకు దూరంగా నీళ్ళు ఉన్నట్టు మెరుస్తోంది. ప్రతి మైలుకూ ఒకసారి ఆయన పాదం పెడలు మీద ఆనించి తీసేస్తున్నాడు. ఒక చోట తీయలేదు. మోకాలు అరిగిన మనిషి, ముఖంలో నరాలు బిగుసుకున్నాయి. గేరు తగ్గించి, హ్యాండుబ్రేకు లాగి మెల్లగా ఆపాడు. ఇంజను ఆపలేదు.

దిగి నన్ను ఆ సీట్లోకి రమ్మన్నాడు. చెప్పు విడిచి పాదం పెట్టాను. నాకు దెయ్యాల మీద నమ్మకం లేదు, అప్పుడూ లేదు, ఇప్పుడూ లేదు. కానీ ఆ పెడలు నా పాదాన్ని తిరిగి తోసింది. నేను బలం పెంచాను, అదీ పెంచినట్టే ఉంది. వెచ్చగా ఉంది. ఇనుము వెచ్చగా ఉండడం మామూలే, ఎండలో తిరిగిన కారు. అయినా నేను కాలు వెనక్కి లాక్కున్నాను.

"ఉండాడా?" అని అడిగాడు మామ బయట నిలబడి, చాలా మామూలుగా.

"ఉండాడు" అన్నాను.

ఇంజను ఆపి, రోడ్డు పక్క వేపచెట్టు నీడలో ఇరవై నిమిషాలు కూచున్నాం. మళ్ళీ వేసి తొక్కితే ఆ కాలు పోయింది. ఇంజను తగులుకోగానే పెడలు నా పాదం కింద తనంతట తాను అంగుళం దిగింది, ఎవరో చోటు ఇచ్చి పక్కకు జరిగినట్టు. మంచి బ్రేకుకు అదే గుర్తు అని మామ ఎప్పుడో చెప్పాడు. ఆ రోజు ఆ మంచి గుర్తే నన్ను ఎక్కువ భయపెట్టింది.

తిరిగి వచ్చాక షాపు ముందు బానెట్టు ఎత్తాడు. నా కళ్ళకు మొదట కనిపించింది ఆ దారాలే. నాలో ఉన్న కరపత్రాలన్నీ ఒక్కసారి లేచాయి. బల్ల మీది బ్లేడు తీసుకున్నాను. నేను కోసేస్తాను, పాపమేదో నాకే తగలనీ, ఇంత తెలిసిన మనిషివి నువ్వే ఈ మసి దారానికి భయపడితే ఊళ్ళో ఇంకెవరు మారతారు అని అరిచాను. రోడ్డు మీద పోయేవాళ్ళు ఆగి చూసేంత గట్టిగా అరిచాను. మామ నా మణికట్టు పట్టుకుని బ్లేడు తీసేసుకున్నాడు.

"నీకు దేవుడి మీద కోపం, నాకు బండి మీద పని. రెండూ ఒక దాంట్లో పొయ్యొద్దు. ఇంటికి పో. చల్లబడినాక రా."

చల్లబడడానికి నాకు మూడు రోజులు పట్టింది. ఈ లోపల మామ ముదలాళికి కబురు పెట్టాడు, తెగులు దొరికేదాకా బండి తీయొద్దని. ముదలాళి రెండుసార్లు తన దగ్గర ఉన్న రెండో తాళంతో డ్రైవరును పంపి సవారీలకు తిప్పించుకున్నాడు. మూడోసారి మామే ఆ డ్రైవరు దగ్గర తాళం అడిగి తీసుకున్నాడు.

మంగళవారం మధ్యాహ్నం ఒంటిగంటన్నరకు నాకు ఫోను వచ్చింది. నేను గోదాములో అట్టపెట్టెలు ఎత్తిస్తున్నాను. మామ గొంతు ఎప్పుడూ లేనంత మెల్లగా ఉంది, పక్కన ఎవరో నిద్రపోతుంటే మాట్లాడినట్టు.

"దారమే రా" అన్నాడు.

పొద్దున్నుంచి బానెట్టు తెరిచి పెట్టి ఇంజను వదిలేశాడట. నలభై నిమిషాలు దాని ముందు స్టూలు వేసుకుని కదలకుండా కూచున్నాడట. పంపు నుంచి ఏళ్ళ తరబడి నూనె ఎక్కి ఆ రబ్బరు ఊరిపోయి ఉంది. చల్లగా ఉన్నంతసేపు బిగుసుకునే ఉంటుంది. కాగాక మెత్తబడింది. లోపలి నుంచి పంపు లాగుతోంది, బయటి నుంచి అమావాస్య మీద అమావాస్య కట్టిన ముడులు బిగించి ఉన్నాయి. ఆయన చూస్తుండగానే ఆ ముడి దగ్గర గొట్టం లోపలికి ముడుచుకుని, నడుము పుట్టినట్టు సన్నబడి, మూసుకుపోయిందట. పోయి పెడలు తొక్కి చూస్తే రాయి. ఇంజను ఆపి చూస్తూ కూచుంటే మళ్ళీ అదే మెల్లగా ఊపిరి పీల్చుకున్నట్టు విచ్చుకుందట. నమ్మకం కుదరక మళ్ళీ వేసి రెండోసారి కూడా చూశాడట.

కోసెయ్ మామా అన్నాను. ఈసారి నేను అరవలేదు.

"నేను కోస్తే రేపు ఇంకోటి కడతాడు. వాని కండ్ల ఎదర కాగబెట్టి చూపించి, వాని చేత్తోనే ఇప్పిస్తా. అప్పుడు ఇంక యాడా కట్టడు. నలుగురికి చెప్తాడు కూడా."

నేను చదివిన ఏ కరపత్రంలోనూ ఈ మాట లేదు. అప్పుడే చెప్పి ఉండాల్సింది. పెట్టెలు పడుతున్నాయని ఫోను పెట్టేశాను. ముదలాళి నాలుగు గంటల సవారీ ఉందని తొందర పెడుతున్నాడనీ, అరగంట చల్లారనిచ్చి తనే బండి ముదలాళి దగ్గరికి తీసుకుపోతాననీ ఆయన చెప్పిన మాటలు ఆఖరివి.

మిగిలింది డ్రైవరు చెప్పింది. పది నిమిషాలకే ముదలాళి మళ్ళీ ఫోను చేశాడు. మేస్త్రి ఆలస్యం చేస్తే డ్రైవరే ఎత్తుకు రావాలి, ఇప్పుడే, అన్నాడు. స్పీకరులో మాట, ఇద్దరూ విన్నారు. ఇంజను ఇంకా కాగుతోంది, చెయ్యి పెడితే కాలుతుంది అని మామ చెప్పాడు. ఎండాకాలంలో ఏ ఇంజను కాగదు అని ముదలాళి పెట్టేశాడు. డ్రైవరు తాళం కోసం చెయ్యి చాపాడు. మామ ఇవ్వలేదు.

"నీకు పిల్లోళ్ళు ఎందరు?" అని అడిగాడట.

ఇద్దరు అన్నాడు డ్రైవరు. మామ చెప్పు విడిచి లోపల కూచుని, బండి పోకపోతే నీ పని పోతుంది, నేనే మెల్లగా నడుపుతాను, నువ్వు నా వెనక మోటారుసైకిలు మీద రా, బండి దగ్గరికి ఎవరినీ రానీయొద్దు అన్నాడట.

రెండో గేరు దాటలేదు. పారిశ్రామికవాడ వెనక రోడ్డులో ఒక ఫ్యాక్టరీ గేటు లోంచి షిఫ్టు దిగిన ఒకామె సైకిలు తోసుకుంటూ అడ్డం వచ్చింది. డ్రైవరు వెనక నుంచి చూశాడు. కారు వెనక రెండు ఎర్ర లైట్లు వెలిగాయి. వెలిగినవి వెలిగినట్టే ఉన్నాయి, ఒక్క క్షణం కూడా ఆరలేదు, కారు మాత్రం పోతూనే ఉంది. అంటే ఆ దూరమంతా మామ పాదం పెడలు మీదే ఉంది, ఆ అరిగిన మోకాలి బలమంతా దాని మీదే ఉంది. ఆమెకు రెండడుగుల దూరంలో చక్రం తిప్పి కాలవలోకి దించాడు. స్టీరింగు ఛాతీకి తగిలింది. ఆమెకు సైకిలు బెల్లు కూడా ఊడలేదు.

ఇంకొకటి కూడా డ్రైవరు చెప్పాడు, అది నన్ను నిద్రపోనీయడం లేదు. గంటన్నర తర్వాత పోలీసులు కారును కాలవలోంచి తీయించి, అతన్నే నడిపి తమ యార్డులో పెట్టమన్నారు. ఎక్కాడు. బ్రేకు బ్రహ్మాండంగా పట్టింది. గేటు దగ్గర, మలుపు దగ్గర, గోడ దగ్గర, వేలితో తోస్తే ఆగినట్టు ఆగింది. తనకేమీ తెలియనట్టు.

శవం దగ్గరికి ముదలాళి పెద్ద పూలదండతో వచ్చాడు. ఏం చేస్తాం అబ్బయ్యా, రాత అని నా భుజం మీద చెయ్యి వేశాడు. నేను ఏం అన్నానో రాయను, అచ్చు వేసేది కాదు. అత్త, అంటే మామ భార్య, లోపలి నుంచి పిలిచి నన్ను పక్కన కూచోబెట్టింది. అప్పటికే పిళ్ళైచావడి చేపల వ్యాను ఆయన వచ్చి, మామ నిరుడు వేసిన బ్రేకులు ఇంకో చోట చూపించుకుంటే మంచిదా అని ఆమెనే అడిగి పోయాడట. ఆమె కళ్ళు తుడుచుకోలేదు, ఏడుపు కూడా లేదు.

"పోయినాయన ఎట్లాగూ తిరిగిరాడు. ఆయన చేతి పని తప్పని మాత్రం ఎవరూ అనగూడదు. ఆ ఒక్క మాట తీసెయ్ నాయనా, నాకు అది చాలు" అంది.

పాఠకులారా, మామ అడిగేవాడే, రాసినాయన తప్పు చేసినాడా అని. చేశాడు. వారాల తరబడి నేను ఆ గొట్టం ముందు నిలబడ్డాను. నాకు దారం కనిపించింది, దారం వెనక ముదలాళి భక్తి కనిపించింది, దాని మీద చదివిన వాదనలన్నీ కనిపించాయి. దారం కింద రబ్బరు ఎట్లా ఉందో వంగి చూడలేదు. మూఢనమ్మకాన్ని వదిలించాలని బ్లేడు పట్టుకున్న నేనూ చూడలేదు, దాన్ని గౌరవించి పక్కన చెయ్యి పెట్టిన మామా ముందు చూడలేదు. తేడా ఏమిటంటే, ఆయన స్టూలు వేసుకుని కూచుని చూశాడు.

శుక్రవారం పొద్దున పదకొండు గంటలకు వాహనాల ఇన్‌స్పెక్టరు మేట్టుపాళయం యార్డులో ఆ కారును పరీక్షించడానికి వస్తాడు. ఇంజను వేస్తాడు, పెడలు తొక్కుతాడు. రాత్రంతా చల్లారిన ఇంజను. బ్రేకు పడుతుంది. బ్రేకు బాగుంది, నడిపినవాడిదే తప్పు అని రాసుకుని పోతాడు. ఆ కాగితం మీద సంతకం పడితే, రిపేరు కాకపోతే నడపడం, ఎట్లా చూసినా తప్పు మామదే అన్నది ప్రభుత్వం మాట అయిపోతుంది. గ్రిల్లు సందులోంచి నేను చూసి వచ్చాను, దారాలు ఇంకా అట్లాగే ఉన్నాయి. రేపటికి ఉంటాయో లేదో తెలియదు. డ్రైవరు, నేను గేటు దగ్గర వంతులు వేసుకుని కాపలా కూచున్నాం. విన్నదీ చూసిందీ చెప్పడానికి అతను వస్తాడు, పని పోయినా పర్వాలేదన్నాడు. ముదలాళికి కూడా మనిషిని పంపి పిలిచాను.

మనం అడిగేది ఒకటే. పరీక్షకు ముందు నలభై నిమిషాలు ఇంజను తిరగనివ్వాలి, బానెట్టు అందరి ముందూ తెరిచి ఉండాలి. ఇది చదవగలిగినవాళ్ళు చదవడం రానివాళ్ళకు తమిళంలోనైనా చెప్పండి. మామ చేతి కింద తమ బండి ఒక్కసారైనా ఆగినవాళ్ళందరూ రండి. పిళ్ళైచావడి వ్యాన్లవాళ్ళు, బాహూరు ట్రాలీలవాళ్ళు, గోదాముల్లో నాతో పని చేసేవాళ్ళు, ఆ సైకిలు ఆమె కూడా. జెండాలు వద్దు, నినాదాలు అసలు వద్దు, ఈ మాట నేనే అంటున్నాను. ఎండలో ఆ కారు ముందు అర్ధచంద్రంలా నిలబడదాం. ఎవరూ మాట్లాడొద్దు. నల్లటి గొట్టం మీద నూనె మెరుస్తూ ఉంటుంది. ముప్పైయ్యో నిమిషం దాటాక, ఎవరూ ముట్టుకోకుండానే, ముడి దగ్గర అది మెల్లగా లోపలికి పోవడం మొదలవుతుంది. చూడడానికి కళ్ళు ఎన్ని ఉంటే అంత మంచిది.

శుక్రవారం పొద్దున, పది గంటలకు, యార్డు గేటు ముందు.